ఒకటో నంబరు చెప్పబోయిన మాట

ఫోను ఫ్రిజ్ మీద పెట్టి, అంకెలు కదులుతున్నాయో లేదో చూసుకుని, ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలు రికార్డు చేస్తే చాలన్నారు ఆఫీసులో. మా ఇంట్లో చప్పుడు ఎంతుందో వాళ్ళు వినాలట. ఒక ఉల్లిపాయ అయ్యేసరికి మా అత్తగారు వేడినీళ్ళు అడిగారు, తర్వాత ఏదో అయింది, ఆ తర్వాత ఇంకేదో అయింది, ఫోను సంగతే మర్చిపోయాను. ఛార్జింగు అయిపోయేదాకా, అంటే గంటా పద్నాలుగు నిమిషాలు, అది మా వంటింటిని వింటూ కూర్చుంది. ఆ సాయంత్రం వంటింట్లో అంతసేపు కూర్చున్నది అదొక్కటే.

నా ఉద్యోగం వినడం. ఎవరెవరివో మాటలు రికార్డయి మా ఆఫీసుకి వస్తాయి. మీటింగులు, విచారణలు, డాక్టరు రోగిని అడిగే ప్రశ్నలు. చెవులకి హెడ్‌ఫోన్స్, కాలికింద పెడల్. పెడల్ నొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో నొక్కితే వెనక్కి వెళ్తుంది. విన్నది విన్నట్టు టైపు చేయాలి. మాట్లాడేవాళ్ళ పేర్లు మాకు చెప్పరు కాబట్టి, ఎవరు ముందు నోరు విప్పితే వాళ్ళు ఒకటో నంబరు, తర్వాతివాళ్ళు రెండు, మూడు. మాట పూర్తయితే చుక్క పెడతాం. మధ్యలో ఇంకొకరు అడ్డొచ్చి తెగిపోతే గీత పెడతాం. శుభ్రప్రతి అడిగిన ఫైళ్ళలో ఆ, ఊఁ, సరే, వస్తున్నా, ఇదిగో లాంటివన్నీ తీసేస్తాం, ఎందుకంటే వాటిలో విషయం ఉండదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, మా హాల్లో వినేవాళ్ళం ఇరవైమందిమీ ఆడవాళ్ళమే.

ఇప్పుడు ఆ ఇరవై కుర్చీల్లో సగం తీసేస్తున్నారు. సగంమంది ఇంట్లో కూర్చుని టైపు చేసి పంపొచ్చు. దానికో ఫారం, ఫారంతోపాటు ఇంటి చప్పుడు రెండు నిమిషాలు. ఆఫీసులోనే ఉంటామనేవాళ్ళు శుక్రవారం లోపల ఆ సంగతి ఫారం మీద రాసి సంతకం పెట్టాలి. ఏమీ రాసివ్వకపోతే ఇంటికి ఒప్పుకున్నట్టే. మౌనం అర్ధాంగీకారం అంటారుగా, మా సూపర్‌వైజరు దాన్ని పూర్తి అంగీకారం కింద తీసుకుంటానంది.

ఇంట్లో ఈ కబురు చెప్పగానే మా ఆయన మొహం చేటంత అయింది. ఆయన గుమాస్తా, ఆయన ఆఫీసు మా ఇంటికి పది నిమిషాల నడక. నాది బస్సులో గంటా పది నిమిషాలు. "రానూపోనూ రెండు గంటల ఇరవై నిమిషాలు దండగ. ఇంట్లో కూర్చుని సంపాదించుకోవడం కంటే మనిషికి ఇంకేం కావాలి?" అని, నిజంగా నా మీద జాలితోనే అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు మిగలబోయే కాలాన్ని అప్పటికప్పుడే ఒక పాత కవరు వెనక రాసి పంచేశారు కూడా. మోకాలి ఆపరేషనైన అత్తగారికి కాళ్ళ వ్యాయామం అరగంట. ఏడో తరగతి చదివే పిల్లకి లెక్కలు ముప్పావుగంట. మధ్యాహ్నం ఆయన ఇంటికొస్తే వేడివేడిగా భోజనం అరగంట. బట్టలు మడతపెట్టడం, కూరగాయలు తేవడం కలిపి మిగతా ముప్పై అయిదు నిమిషాలు. కూడి చూశాను, లెక్క సరిగ్గా సరిపోయింది.

మంగళవారం ఆఫీసులో, ఆ రికార్డింగులోంచి రెండు నిమిషాలు కత్తిరిద్దామని ఫైలు తెరిచాను. కాలు దానంతటదే పెడల్ మీదికి వెళ్ళింది. అలవాటున వేళ్ళు కూడా కదిలాయి. మొదటి గొంతు, "పనిచేస్తోందా ఇది?" అంది. ఒకటో నంబరు అని కొట్టాను. అది నేనేనని తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. రెండో నంబరు మా అత్తగారు, మూడు మా అమ్మాయి, నాలుగు ఆయన. ముందు రోజు పని త్వరగా అయిపోయింది, కొత్త ఫైళ్ళు ఇంకా రాలేదు. సరదాగా ఇంకాస్త విందామనుకున్నాను, ఇంకాస్త విందామనుకున్నాను, అలా మొత్తం వినేశాను. నా ఇంటిని నేనెప్పుడూ బయటినుంచి వినలేదు. ఎవరిదో పెళ్ళి ఆల్బమ్ తిరగేస్తుంటే మనం కూడా అందులో ఓ మూల నిలబడి కనిపించినట్టుంది.

ఒకటో నంబరు ఆ గంటా పద్నాలుగు నిమిషాల్లో చాలాసార్లు మాట్లాడింది. వస్తున్నా. ఇదిగో. పైన అరలో. ఆ. తడి చేత్తో ముట్టుకోకు. ఊఁ. ఒక్క నిమిషం. సరే. కుతూహలం కొద్దీ దీనికే శుభ్రప్రతి తీస్తే ఎలా ఉంటుందో చూద్దామని, మా నియమం ప్రకారం తీసేయాల్సినవన్నీ తీసేశాను. పది పేజీల్లో అత్తగారున్నారు, పిల్ల ఉంది, ఆయనున్నారు. వాళ్ళు ఎవరినో పిలుస్తున్నారు, ఎవరినో అడుగుతున్నారు. ఒకటో నంబరుకి మాత్రం పక్కన గీతలున్న తెగిపోయిన వాక్యాలు ఆరే మిగిలాయి. ఆ ఆరూ ఒకే వాక్యం.

ఒకటి: నాకేమనిపిస్తుందంటే—
నాలుగు: నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావు?


ఒకటి: అది కాదండీ, ఆ ఆఫీసు విషయం, నాకేమనిపిస్తుందంటే—
మూడు: అమ్మా, స్కేలు విరిగిపోయింది.

అలా ఆరుసార్లు. ఆరోసారి తర్వాత గిన్నె మూత పెట్టిన చప్పుడు, పంపు తిప్పిన చప్పుడు, ఇక ఆమె ఆ మాట ఎత్తలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే అవమానంగా అనిపించింది. అప్పుడు పుట్టింది అసలు ప్రశ్న. ఇంతకీ ఆ ఒకటో నంబరు ఏం చెప్పబోయింది? తొమ్మిదేళ్ళుగా పరాయివాళ్ళ తెగిపోయిన మాటలు వింటున్నాను, తర్వాత ఏమనేవాళ్ళో చాలాసార్లు ఊహించగలను. నా సొంత మాట దగ్గరికొచ్చేసరికి బుర్ర తెల్లకాగితంలా ఉంది. చెప్పబోయింది నేను. పోగొట్టుకున్నదీ నేనే. నిన్న రాత్రి తిన్నది గుర్తుంది, నిన్న సాయంత్రం అనుకున్నది గుర్తులేదు.

మా దగ్గర రెండో చెవి అని ఒక పద్ధతుంది. ఒకరికి ఒక ముక్క అందకపోతే హెడ్‌ఫోన్స్ తీసి పక్క కుర్చీకి ఇస్తాం. నా పక్క కుర్చీ పెడల్ అక్కది. పందొమ్మిదేళ్ళుగా ఆ పెడల్ తొక్కుతోందని అందరం అలాగే పిలుస్తాం. ఆమె చెవికి అందని గొంతుండదు. ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్స్ ఆమెకిచ్చి, ఆ ఆరు ముక్కలూ వినిపించాను. అక్క కళ్ళు మూసుకుని శ్రద్ధగా విని, "ఈవిడెవరు, ఇంటి మనిషా, పనికొచ్చే మనిషా?" అంది. తెలీదక్కా అన్నాను. తొమ్మిదేళ్ళు నా పక్కన కూర్చున్న మనిషి నా గొంతు గుర్తుపట్టలేదు. అక్క మాత్రం హెడ్‌ఫోన్స్ తిరిగిస్తూ, "దీని తర్వాతి ఫైలు వస్తే నాకూ వినిపించవే. ఆవిడ ఇంతకీ ఏం చెబుతుందో తెలియకపోతే నాకు తోచదు" అంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఒక్కొక్కరినీ అడిగాను. దెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలనే. మా ఆయన బూట్లు విప్పుతూ ఆలోచించారు, నిజాయితీగానే ఆలోచించారు. "నిన్ననా? నువ్వేదో అన్నావు... గ్యాసు గురించా?" అన్నారు. గ్యాసు గురించి కాదని ఎలా చెప్పను, నాకే తెలియదు. "చెప్పాలనుకుంటే చెప్పేదానివేగా, నీ నోరెవరు కట్టేశారు?" అన్నారు చివరికి. ఆ మాట ఆయన నోట వెయ్యిసార్లు విన్నాను, ఇదివరకు అది విని ఊరుకునేదాన్ని. ఈసారి నా దగ్గర పది పేజీలున్నాయి. అయినా ఏమీ అనలేదు, ఎందుకంటే నాకప్పుడు కావాల్సింది గెలవడం కాదు, ఆ మాట దొరకడం.

పిల్లని అడిగితే ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు రోజూ అంటావుగా అమ్మా, నాకేమనిపిస్తుందంటే, నాకేమనిపిస్తుందంటే అని. అది నీ ఊతపదం అనుకున్నా" అంది. కొందరికి అంటే, మరి, అదే ఉంటాయి కదా, అలాగట. దానికి పన్నెండేళ్ళు. ఆ వాక్యానికి వెనకాల ఇంకో సగం ఉంటుందని పన్నెండేళ్ళలో దానికెప్పుడూ అనిపించలేదు. ఆ రోజు విన్నవాటన్నింటిలోకీ నన్ను కుదిపేసింది అదే. రేపు ఇదీ పెద్దదై సగం మాటతో బతకడం నేర్చుకుంటుందేమో, అదే మాట తీరనుకుంటుందేమో అని భయం వేసింది.

అత్తగారిని అడగాలనుకోలేదు. రికార్డింగులో ఎక్కువ పిలుపులు ఆవిడవే. మాత్రలు, వేడినీళ్ళు, దిండు. కానీ కాళ్ళకి మందు రాస్తుంటే ఆవిడే కదిపారు. "వాడినీ దాన్నీ అడిగావు, నన్నడగవేం?" అన్నారు. మీకు తెలుసా అత్తయ్యా అన్నాను. "తెలీదు. నాకూ వినాలనే ఉంది. మూడోసారి ఎత్తుకున్నప్పుడు టీవీ గొంతు కూడా తగ్గించాను. ఇంతలో వాడు తువ్వాలు అడిగాడు, నువ్వు పరిగెత్తావు." నేను మందు రాయడం ఆపేశాను. ఆవిడ గోడవైపు చూస్తూ, "నేనూ ఇలాగే ఒకటి చెప్పబోయాను మీ మామగారితో. అదేమిటో ఆయన పోయేనాటికే మర్చిపోయాను. నువ్వు మర్చిపోకు" అన్నారు.

బుధవారం ఆఫీసుకి వెళ్ళగానే రికార్డింగుని ఆ మూడోసారి మాట దగ్గరికి జరిపాను. ముప్పై ఒకటో నిమిషం. వెనకాల టీవీలో ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు. నేను నాకేమనిపిస్తుందంటే అన్నాను. ఏడుపు ఒక్కసారిగా సన్నబడింది. నిజంగానే తగ్గించారు. మడమతో వెనక్కి లాగి మళ్ళీ విన్నాను, మళ్ళీ విన్నాను. నేను ఎప్పుడూ ఫైళ్ళని ఒకటిన్నర రెట్ల వేగంతో వింటాను, రోజుకిన్ని పేజీలని లెక్కుంది కదా. ముందు రోజు ఆ వేగంలో ఇది చెవిన పడలేదు. మామూలు వేగంలో వింటే ఆ నిశ్శబ్దం నాలుగు క్షణాలుంది. నా ఇంట్లో, నా మాట కోసం ఒకరు ఆగిన నాలుగు క్షణాలు. ఆ తర్వాత తువ్వాలు.

గురువారం పొద్దున బస్సు స్టాపులో ఎప్పటిలాగే ఫాస్ట్ బస్సు వచ్చింది, ఎప్పటిలాగే దాన్ని పోనిచ్చాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, నాకు నేనూ ఒప్పుకోలేదు. ఫాస్ట్ బస్సయితే నలభై నిమిషాల్లో దింపేస్తుంది. రెండేళ్ళుగా ఇంట్లో, అది దొరకదు, రద్దీ ఎక్కువ అని చెబుతూ వస్తున్నాను. అన్ని స్టాపుల్లో ఆగే బస్సెక్కి, ఎడమవైపు కిటికీ పక్కన కూర్చున్నాను. కళ్ళజోళ్ళ షాపు బోర్డు మీద రెండు కళ్ళ బొమ్మ ఉంటుంది, ఒక కన్ను కొంచెం పక్కకి చూస్తుంది. దాన్ని గీసినవాడు కావాలని గీశాడా, చెయ్యి జారిందా అని రోజూ ఆలోచిస్తాను. మేడమీద ఒకావిడ ఒక్క చొక్కానే ఆరేస్తుంది ప్రతిరోజూ. మా అమ్మ మీద నాకు నిజానికి కోపం లేదని తెలుసుకున్నది ఈ కిటికీ దగ్గరే. ఈత నేర్చుకోవాలని కోరిక ఉన్నట్టు తెలిసిందీ ఇక్కడే. ఇక్కడ ఏదైనా ఒకటి అనుకోవడం మొదలుపెడితే, అది మెల్లగా నడుచుకుంటూ చివరిదాకా వెళ్తుంది. ఎవరూ కళ్ళజోడు అడగరు. పక్క సీట్లో మనిషికి నేనెవరినీ కాను.

మార్కెటు స్టాపులో బస్సు చాలాసేపు ఆగింది. ఎవరో మూట ఎక్కిస్తున్నారు. ముందు సీటాయన విసుక్కుంటున్నాడు. నాకు హాయిగా ఉంది. ఎందుకింత హాయిగా ఉంది అని నన్ను నేనే అడిగాను, తీరిగ్గా, జవాబు వచ్చేదాకా. వచ్చింది. మంగళవారం నుంచి వెతుకుతున్న వాక్యం చివరి సగం, అది ఇంట్లో ఎక్కడా పడిపోలేదు, ఇదిగో ఈ సీట్లోనే ఉంది. నేను రోజూ ఇక్కడే పూర్తి చేసుకుని, సాయంత్రం ఇంట్లో మొదటి సగం మాత్రం చెబుతున్నాను.

ఆ సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నాక నేనూ కూర్చున్నాను. మామూలుగా నేను నిలబడి వడ్డించి తర్వాత తింటాను. గిన్నెలన్నీ మధ్యలో పెట్టేసి, ఎవరిక్కావాల్సింది వాళ్ళు వేసుకోండి అన్నాను. "నాకేమనిపిస్తుందంటే" అని మొదలుపెట్టాను.

"ఆ ఫారం పంపేశావా? రేపే కదా ఆఖరు" అన్నారాయన.

నాకు లేవాలనిపించింది, నీళ్ళ గ్లాసు కోసమైనా. లేవలేదు. అత్తగారు టీవీ ఆపేశారు. గొంతు తగ్గించడం కాదు, పూర్తిగా ఆపేశారు. "నువ్వాగరా. అమ్మాయి ఏదో చెబుతోంది" అన్నారు.

గది ఎంత నిశ్శబ్దమైందంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నాకేమనిపిస్తుందంటే, మీరు దండగ అంటున్న ఆ రెండు గంటల ఇరవై నిమిషాలే రోజు మొత్తంలో నావి. వాటిని నేను ఎవరికీ పంచను. ఆఫీసుకే వెళ్తాను, బస్సులోనే వెళ్తాను."

ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని చూశారు. కోపం కాదు, అర్థంకాకపోవడం. నేను ఆగలేదు. ఫాస్ట్ బస్సు రోజూ వస్తుందనీ, నేనే ఎక్కననీ కూడా చెప్పేశాను. "ఉన్నదాన్ని వదిలేసి, కావాలని, ఆలస్యంగా వచ్చేదాన్ని ఎక్కుతావా?" అన్నారు. అవునన్నాను. "అందులో ఏం చేస్తావు?" అన్నారు. ఆయన నన్ను ఇంత వివరంగా అడిగి ఎన్నాళ్ళయిందో. ఏమీ చేయనండీ, కూర్చుంటాను అన్నాను. మా అమ్మాయి తినడం మానేసి నావైపే చూస్తోంది. ఊతపదానికి వెనకాల ఇల్లంత మాట ఉందని దానికి అప్పుడే తెలిసింది.

ఆయన, "మరి మధ్యాహ్నం నా భోజనం?" అన్నారు.

అత్తగారు ఆయన లెక్క రాసిన కవరు తెమ్మని పిల్లని పంపించారు. వెలుతురులో పెట్టి చదివారు. "ఇన్నాళ్ళూ డబ్బా పట్టుకెళ్తున్నావుగా, అదే పట్టుకెళ్ళు. లెక్కలు నువ్వు చెప్పు, అంకెలు బాగానే కూడావు. నా కాళ్ళు నేను ఊపుకుంటాను, నువ్వు పక్కన కూర్చుని లెక్కపెట్టు. పది నిమిషాల దూరంలో ఉన్నవాడివి, కూరగాయలు కూడా నీకే దగ్గర." బట్టల దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఆగి, ఇవి పిల్లా నేనూ చూసుకుంటాం అన్నారు. ఆయన ఏదో అనబోయి మానేశారు. ఒప్పుకున్నారని చెప్పను. రేపు మళ్ళీ కళ్ళజోడు అడుగుతారు, నాకు తెలుసు. కానీ ఆ రాత్రి గిన్నెలు తీసింది ఆయనే.

శుక్రవారం పొద్దున ఫారం మీద ఆఫీసులోనే ఉంటాను అని రాసి సంతకం పెట్టాను. కారణం అన్న గీత దగ్గర, ఇంట్లో చప్పుడు ఎక్కువ అని రాశాను. సూపర్‌వైజరు చదివి, పాపం అంది. తర్వాత నా కుర్చీలో కూర్చుని ఆ పది పేజీల ఫైలు తెరిచాను. విననిది టైపు చేయకూడదన్నది మా మొదటి నియమం. గురువారం నాటి మాట ఏ రికార్డింగులోనూ లేదు, కానీ నేను విన్నాను, ఇంకో ముగ్గురు విన్నారు. చిట్టచివర ఒకటో నంబరు అని కొట్టి, ఆ మాట మొత్తం టైపు చేశాను. ఆఖర్న గీతకి బదులు చుక్క పెట్టాను.

పెడల్ అక్క తన కుర్చీ నావైపు తిప్పింది. "ఏమయింది ఆవిడ సంగతి? ఫైలు వచ్చిందా?" అంది. ఫైలు రాలేదక్కా, ఆవిడేమందో నేనే చెబుతాను అన్నాను. అక్క హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, పెడల్ మీంచి కాలు తీసి, కళ్ళు మూసుకుంది. నేను ఆ మాట మొదటినుంచి చివరిదాకా, తొందరపడకుండా చెప్పాను.

అక్క కళ్ళు తెరిచి నన్ను చాలాసేపు చూసింది.

"ఇప్పుడు గుర్తుపట్టాను. ఆ గొంతు నీది" అంది.